మా నాన్న శిష్యులంటే నాకు పడదు

మా ఊరు మూంటాలో ఏ ఇంటి గేటు తీసినా మా నాన్న శిష్యుడెవడో ఒకడు చేతికి తగులుతాడు. కమ్మీలు అతికిన చోట వేలు పెట్టి తడమండి. అర్ధచంద్రాలు ఒకదాని మీద ఒకటి ఒరిగి వరసగా ఉంటాయి, కొసన మటుకు గింజంత బొడిపె ఉంటుంది. వెల్డింగు ఆపే ముందు పిసరంత వెనక్కొచ్చి ఆగాలని నేర్పింది ఆయనే. ఆ బొడిపె లేని పడవ ట్రెయిలరు గానీ, ఫుట్‌బాల్ మైదానం కంచె గానీ మా ఊళ్ళో లేదు. చర్చి మెట్ల రెయిలింగు మీద చెయ్యేసినా అదే. ఆదివారం పూట దేవుడి దగ్గరికి వెళ్ళాలన్నా నేను నాన్న శిష్యుల్ని పట్టుకునే ఎక్కాలి.

నా పేరు లవ్‌డే. మా నాన్న క్లారీ నాన్కివెల్‌కి ఒక్కగానొక్క కూతుర్ని. నలభై దాటినదాన్ని, పొలాల్లో విత్తనం వేసే ట్రాక్టరు గొర్రులు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డర్ని. ఊళ్ళో సగం మందికి ఇనుము అతకడం నేర్పిన మనిషి కన్న కూతురికి నేర్పలేదు. ఈ ముక్క నేను కడుపుమంటతోనే చెబుతున్నాను. చల్లారాక నిదానంగా చెబుదామంటే అది చల్లారే రకం కాదు.

నాన్న మొదట్లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అది మూతపడ్డాక మా ఊరి బడిలో పంతులుగా చేరాడు. అప్పట్లో బడిలో చేతిపని పాఠం అంటే చెక్కతో రొట్టె కోసుకునే పలక చెయ్యడం, ఇంటికి పట్టుకెళ్ళి అమ్మ చేతికివ్వడం. అన్నదమ్ములు ఎక్కువగా ఉన్న ఇళ్ళల్లో రొట్టెల కంటే పలకలే ఎక్కువుండేవి. నాన్న చేరిన కొత్తలోనే ఆ చెక్కలన్నీ పొయ్యిలోకి పంపేసి, ఇనుము పెట్టి కొట్టడానికి రైల్వే వాళ్ళు పారేసిన పెద్ద దాకలి ఒకటి ట్రాక్టరు మీద వేసుకొచ్చి చేతిపని నేర్పే షెడ్డు నడిమధ్య దింపాడు. దాన్ని దింపడానికి తొమ్మిదో తరగతి పిల్లలంతా పట్టారు. బరువు మొయ్యడానికి మీట ఎక్కడ పెట్టాలో వాళ్ళకి ఆ పూటే బోధపడింది. బడిలో చేరిన దగ్గర్నించీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నదే అది.

ఆయన పాఠం ఒకటే. ప్రతి పిల్లా, పిల్లాడూ రెండు ఇనప ముక్కలు అతకాలి. అతికాక ఆయన మెచ్చుకోడు, తిట్టడు, సుత్తి చేతికిస్తాడు. విరగ్గొట్టమంటాడు. ఎవరి అతుకు వాళ్ళే విరగ్గొట్టుకోవాలి, ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. ఆ షెడ్డుకి ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు అది. విరిగాక లోపల చూసుకోవాలి. బుడగలున్నాయా, మసి చేరిందా, ఇనుము ఇనుములో కలిసిందా, పైపైన అంటుకుని ఊరుకుందా. "నేను చెబితే నీకు నా మాట తెలుస్తుంది. విరగ్గొడితే నీకు ఇనుము తెలుస్తుంది" అనేవాడు. కొందరు మొదటి దెబ్బకే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. మర్నాడు బడి గంట కొట్టకముందే షెడ్డు తలుపు దగ్గర నిలబడేవాళ్ళు.

ఆ తర్వాత తొక్కుడు బండ్లు వచ్చాయి. నది ఒడ్డున ఏటా జరిగే పందేనికి బడిపిల్లలు తామే తయారుచేసిన మూడు చక్రాల బండి తీసుకెళ్ళాలి. వెల్లకిలా వాలి కూర్చుని తొక్కేది, పైన తొడుగు, బండి బోర్లాపడితే తల కాచడానికి ఒక ఇనప కమాను. ఈ బండి పిచ్చి పట్టుకున్నాక లెక్కలంటే పారిపోయే వెధవలు కూడా కోణాలు కట్టడం కోసం లెక్కల పంతుల్ని వెతుక్కుంటూ పోయారు. ఏడాదిలో సగం రోజులు బడి ఎగ్గొట్టి జెట్టీ దగ్గర పీతలు పట్టే కుర్రాడొకడు ఇప్పుడు ఓడలు కట్టే చోట ఇంజనీరు. ఇంట్లో తాగుబోతు తండ్రితో వేగలేక మా నాన్న షెడ్డులోనే పొద్దు గడిపిన పిల్ల ఇవాళ నగరంలో సొంతంగా లేతు మిషన్లు పెట్టుకుని పది మందికి పని చూపిస్తోంది. మంచిదే, వాళ్ళు బాగుపడ్డందుకు నాకేం బాధ లేదు. వాళ్ళంతా క్రిస్మస్‌కి ఊరొచ్చినప్పుడు బీరు సీసాలు పట్టుకుని మా ఇంటికొచ్చి, నా కుర్చీలో కూర్చుని, "క్లారీ మాకు తండ్రిలాంటోడు" అంటారే, అప్పుడే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తండ్రిలాంటోడట. తండ్రి ఎలా ఉంటాడో నన్నడగండి.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ షెడ్డుకి నేనూ వెళ్ళాను. మిగతా పిల్లల్లాగే వెల్డింగు ముసుగు పెట్టుకున్నాను, మిగతా పిల్లల్లాగే రెండు ముక్కలు అతికాను. వంకరగానే వచ్చింది, కానీ నాది. సుత్తి కోసం చెయ్యి చాపాను. నాన్న సుత్తి నాకివ్వలేదు. నా అతుకుని తనే దాకలి మీద పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. అది రెండు ముక్కలై కిందపడింది. లోపల ఏముందో నేను వంగి చూసేలోపు కాలితో పక్కకి తోసేసి, ఇంకొకటి అతకమన్నాడు. షెడ్డంతా చూస్తోంది. వాళ్ళలో ఒక్కడి అతుకు కూడా ఆయన ముట్టుకోలేదు, నాదే ముట్టుకున్నాడు. ముసుగు తీసి అక్కడే పారేసి ఇంటికొచ్చేశాను. ఆయన మళ్ళీ రమ్మనలేదు. నేను వస్తాననలేదు. మొండితనంలో తండ్రిని చూస్తే కూతుర్ని చూడనక్కర్లేదు.

పద్దెనిమిదేళ్ళకి గొర్రుల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాను. నాన్నకి చెప్పకుండానే చేరాను. అక్కడ ఫోర్‌మాన్ ఎరిక్ కోవాల్డ్ నాకు పని నేర్పాడు. నెమ్మదస్తుడు, రోజూ సాసేజి రొట్టే తెచ్చుకుంటాడు, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఎరిక్ పద్ధతి వేరు. సన్న పైపు మీద ఏకాండీగా గీత లాగడు. ఇక్కడ చిన్న కుట్టు వేస్తాడు, ఎగిరి అవతలి పక్క ఇంకో కుట్టు వేస్తాడు, మళ్ళీ ఇటు వస్తాడు. వేడి ఒకే చోట పోగవ్వదు, పైపు వంకర పోదు, బొక్క పడదు. ముగించిన చోట బొడిపె ఉండదు. నాకు ఆ పద్ధతే అబ్బింది. అప్రెంటిస్ ముగిసిన రోజు ఎరిక్ నా భుజం తట్టి తన సాసేజి రొట్టెలో సగం ఇచ్చాడు. ఇంటికొచ్చి నాన్నకి చెబితే "ఊఁ" అని పేపరు తిరగేశాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేను ఆయనకి పెరటి చెట్టుని. షార్నీ మటుకు దారిన పోతూ దొరికిన అమృతవల్లి.

షార్నీ అంటే పదకొండో తరగతి పిల్ల. పొట్టిగా, ముక్కుకి రింగు పెట్టుకుని, ఎప్పుడూ ఎవరో తన వస్తువు లాక్కున్నట్టు నడుస్తుంది. నాన్నకి కళ్ళల్లో పొర కమ్ముకుంటున్న రోజుల్లో ఆయన దగ్గర చేరింది. ఆయన బడిలో ఉద్యోగం మాని చాలాకాలమైనా బండ్ల షెడ్డు మాత్రం జీతం లేకుండా నడుపుతున్నాడు. షార్నీ ఆయనకి కళ్ళయింది. గీతలు తనే గీస్తుంది, కొలతలు తనే చదివి చెబుతుంది. నాన్న ఆ పిల్లని "బంగారం" అంటాడు. మా ఊరి ముసలివాళ్ళకి అది ఊతపదమే, కుక్కని కూడా అంటారు. నన్ను మాత్రం పుట్టినప్పట్నించీ "లవ్‌డే" అనే పిలిచాడు. కుక్కకున్న పాటి భాగ్యం నాకు లేదు.

ఆ ఏడు బడి ప్రిన్సిపాలమ్మ నాన్న దగ్గరికొచ్చింది. ఈ కళ్ళతో మంటల దగ్గర పని చేయించడం ఇక కుదరదని, వచ్చే ఏటి నుంచి షెడ్డు ఎవరు చూస్తారో పందెం నాటికి పేరు చెప్పమని అడిగింది. ఆయన ఎవరి పేరు చెబితే వాళ్ళని పెట్టుకుంటామంది, ఎవరూ లేకపోతే సభలకి వాడే కుర్చీలు పెట్టుకోవడానికి చోటు లేక ఇబ్బంది పడుతున్నామని కూడా చెప్పింది. నాన్న ఆలోచిస్తానన్నాడు.

ఈ మాట ఊరంతా పాకింది. ఆ షెడ్డు నాకు కావాలి. ఎవరు ఏమనుకున్నా సరే, పన్నెండేళ్ళప్పట్నించీ నాక్కావలసింది అదొక్కటే. ఫ్యాక్టరీలో నా కింద ముగ్గురు పనిచేస్తారు, పిల్లలకి నేర్పడం నాకు చేతకాని పనేం కాదు. ఆ ఆదివారం భోజనానికి పిండి చుట్టలో మాంసం, దుంప కూరి కాల్చే పాస్టీలు చేసుకుని వెళ్ళాను. ఆయనకిష్టమని దుంప ఎక్కువ వేశాను, అంచు మీద ఆయన పేరు మొదటి అక్షరం కూడా పిండితో చేసి అంటించాను. తింటున్నంతసేపూ షార్నీ గొడవే. షార్నీ ఇలా అంది, షార్నీ అలా వంచింది. చివరికి నేనే షెడ్డు సంగతి ఎత్తాను. నేను చూసుకుంటానని చెప్పాను. ఆయన పాస్టీ అంచు విరిచి పళ్ళెంలో పక్కన పెట్టాడు. చూద్దాంలే అన్నాడు. తర్వాత వాన గురించి మాట్లాడాడు.

ఇలా ఉండగా బడి వాళ్ళు పిల్లల్ని వారం రోజులు పని చూసి రమ్మని ఫ్యాక్టరీకి పంపారు. ఊళ్ళో ఇంతమంది పిల్లలుండగా షార్నీ వచ్చి సరిగ్గా నా బెంచీ ముందే నిలబడింది.

మొదటి రోజు దానికి చీపురిచ్చాను. రెండో రోజు కూడా చీపురే ఇచ్చాను. మూడో రోజు అది చీపురు గోడకి ఆనించి నా వెనకే నిలబడి, నేను అతికే పైపు వంక కన్నార్పకుండా చూసింది. తర్వాత అడిగింది.

"లవ్‌డే, నాకు సన్న పైపుకి బొక్కలు పడిపోతున్నాయి. బండి కమాను మూడుసార్లు పాడైంది. క్లారీకి చెప్పలేదు. ఆయనకి కనబడదు కదా, ఎక్కడ తప్పో ఆయనకీ తెలీట్లేదు. నీకెందుకు పడట్లేదు?"

దానికి చెప్పకూడదనే అనుకున్నాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను. కానీ లోపల ఇంకో బుద్ధి పుట్టింది. నాన్న ముద్దుల శిష్యురాలు, నాన్న బంగారం, నాన్న నేర్పలేనిది నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చింది. అంతకంటే తీపి కబురు నాకు ఈ జన్మలో ఇంకేముంది. ముసుగు పెట్టుకోమన్నాను. ఇక్కడొక కుట్టు, అవతలొక కుట్టు అని చూపించాను. ఆ పిల్ల చెయ్యి తేలిక, చెప్పింది చెప్పినట్టు పట్టేసింది. సాయంత్రానికి నా గీతకీ దాని గీతకీ తేడా తెలియలేదు. ఊరి పిల్లలందర్నీ ఆయన దోచుకున్నాడు, నేను ఒక్క పిల్లని దోచుకుంటే తప్పేంటని ఇంటికెళుతూ పాట పాడుకున్నాను.

తర్వాతి శనివారం మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాను. పాస్టీలు వంక, అసలు సంగతి చూసి ఆనందించడమే నా పని. బండి బల్ల మీద ఉంది, కమాను అతికి ఉంది, షార్నీ చక్రాలు బిగిస్తోంది. నాన్న బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో అతుకుని బొటనవేలితో తడుముతున్నాడు. చూపు తగ్గాక ఆయనకి కళ్ళు బొటనవేలికొచ్చాయి. సీటుని మోసే ఇనప పట్టీలు తడిమాడు, అవి తను స్వయంగా అతికినవి, అక్కడ ఆగకుండా పోయాడు. కమాను దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు పోయింది. కొసన వెతికింది, బొడిపె దొరకలేదు.

ఎవరు నేర్పారని అడిగాడు. షార్నీ దాచలేదు, ఫ్యాక్టరీలో లవ్‌డే చూపించిందని చెప్పింది. నాన్న నా వైపు తిరగను కూడా తిరగలేదు. గోడకున్న రంపం తీసుకుని కమాను దగ్గరికొచ్చాడు. కోసేసి మళ్ళీ అతుకుదామన్నాడు.

షార్నీ లేచి బండికీ ఆయనకీ మధ్య నిలబడింది.

"అది నేనేసిన అతుకు, క్లారీ. పాడు చెయ్యాలన్నా నేనే చెయ్యాలి. నువ్వు పెట్టిన కట్టుబాటే కదా."

అని, అదే పద్ధతిలో అతికిపెట్టుకున్న పైపు ముక్కొకటి తెచ్చి దాకలి మీద పెట్టి సుత్తి ఎత్తింది. ఎన్ని దెబ్బలు వేసినా అతుకు విడలేదు. పైపు నలిగి మడతపడింది, అతుకు మాత్రం అలాగే ఉంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తడిమాడు. తర్వాత రంపం గోడకి తగిలించి, టీ పెట్టుకురమ్మని షార్నీని పంపించేశాడు.

నేను గెలిచాననుకున్నాను. అప్పుడు నాన్న ముక్కాలిపీట మీద కూలబడి నోరు విప్పాడు.

"ఇది నీ చెయ్యి కాదు లవ్‌డే. ఎరిక్ కోవాల్డ్ చెయ్యి. ఏ పొలం గట్టు మీద మీ ఫ్యాక్టరీ గొర్రు ఉందన్నా నేను బండి ఆపించి దిగుతాను. తడిమి చూస్తాను. ఇది నా కూతురు వేసిందని తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం ఎరిక్ గుర్తొస్తాడు. ఇన్నేళ్ళలో వాడితో పబ్బులో ఒక్క గ్లాసు తాగలేదు నేను. వాడు నాకేం అపకారం చేశాడు? నా కూతురికి పని నేర్పాడు. అంతే."

కుళ్ళు నా సొంత ఆస్తి అనుకున్నాను, చూస్తే అది పిత్రార్జితం. అయినా వదల్లేదు. అందరి అతుకులూ వాళ్ళనే విరగ్గొట్టుకోమని, నాది ఎందుకు విరగ్గొట్టావని అడిగేశాను. ఇంతకాలం అడగాలనుకున్నది అదే.

"ఊరి పిల్లలది విరిగితే నేర్చుకుంటార్లే అనుకునేవాణ్ణి" అన్నాడు. "నీది విరుగుతుందని తెలుసు. నువ్వు కొడుతూ ఉంటే, అది విరుగుతూ ఉంటే చూస్తూ నిలబడలేకపోయాను. తొందరగా అయిపోతే బాగుండని నేనే కొట్టేశాను. నువ్వెళ్ళిపోయాక ఆ ముక్కలు తీసి చూశాను. మరీ అంత పాడుగా ఏం లేదు."

ఆ చివరి మాట విని ఏడవాలో తన్నాలో తెలియలేదు. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. షెడ్డు నాకివ్వమని మళ్ళీ అడిగాను, ఈసారి వంకలు పెట్టకుండా అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకిస్తే పిల్లలందరికీ ఎరిక్ చెయ్యే వస్తుందని, పదేళ్ళు తిరిగేసరికి తన చెయ్యి ఊళ్ళో ఉండదని అన్నాడు. మరి ఎవరికిస్తావంటే ఎవరికీ ఇవ్వనన్నాడు. అంటే కుర్చీలకైనా ఇస్తావు గానీ కన్నకూతురికివ్వవన్నమాట అన్నాను. టీ వచ్చేలోపే నేను బయటికొచ్చేశాను.

పందెం రోజుకి వెళ్ళకూడదనుకున్నాను. కానీ పనిముట్లతో పాటు బండిని తీసుకెళ్ళాల్సిన ట్రెయిలరు నాదే. కుర్రవాళ్ళంతా వెనక బస్సులో, నాన్న, షార్నీ నాతో. నది ఒడ్డున తనిఖీ డేరా ముందు మా వరస వచ్చేసరికి ప్రిన్సిపాలమ్మ కూడా గొడుగేసుకుని వచ్చి నిలబడింది. ఆవిడకి పేరు కావాలి. నాన్న ఆవిడ వైపు చూడకుండా టోపీ ముందుకు లాక్కున్నాడు.

తనిఖీ చేసేది డెస్ రోవ్. రైల్వే రోజుల్లో నాన్నతో ఒకే బెంచీ మీద పనిచేసినవాడు. బండి కిందకి దూరి, చక్రాలు ఊపి, కమానుని రెండు చేతులా పట్టుకుని బలం కొద్దీ లాగాడు. అతుకు మీద గోరు పెట్టి గీశాడు. ఎవరు వేశారని అడిగాడు. షార్నీ చెయ్యెత్తింది. ఇంత సన్నపైపు మీద ఇంత శుభ్రంగా చాలాకాలానికి చూశానని, ఎవరు నేర్పారని అడిగాడు. అడుగుతూనే నాన్న వైపు తిరిగి నవ్వాడు, జవాబు తనకి తెలిసిందేనన్నట్టు.

ఊరుకుంటే చాలు, ఆ పొగడ్త నాన్నకే దక్కేది. షార్నీ నా వైపు చూసింది. నేను నేలవైపు చూశాను. నేనుగా చెప్పుకోదలచుకోలేదు.

"నా కూతురు నేర్పింది" అన్నాడు నాన్న. "దానికి నేర్పింది నేను కాదు. ఎరిక్ కోవాల్డ్ అని, వేరే ఆయన."

పళ్ళు పీకించుకుంటున్నవాడి గొంతులా ఉంది ఆ గొంతు. డెస్ ఏమీ అర్థంకాక బుర్ర గోక్కుని, సీటు కింద టార్చి వేసి చూశాడు. చూసినవాడు అక్కడే ఆగిపోయాడు. కుడి పట్టీ అతుకు చివర వెంట్రుకంత పగులు. అతుకు కొసన గుంట నిండలేదు, పగులు అక్కణ్ణుంచే పుట్టింది. అది నాన్న వేసిన అతుకు. కొస ఎక్కడుందో ఆయనకి కనబడలేదు, వెనక్కి రావాల్సిన చోట రాకుండానే ఆపేశాడు. పిసరంత వెనక్కి రావడం ఊరందరికీ నేర్పినవాడు అది మర్చిపోలేదు, కళ్ళే మోసం చేశాయి.

డెస్ ఎవరిదని అడగలేదు, టార్చి ఆర్పేశాడు. తొందరపాటులో తనే వేశానని షార్నీ అబద్ధం ఆడబోయింది. నాన్న చెయ్యెత్తి ఆపాడు. "నాదే" అన్నాడు. గంటలో సరిచేసి తెస్తేనే బండి పందెంలోకి దిగుతుందని డెస్ చెప్పి, పక్క బండి దగ్గరికి వెళ్ళాడు.

మరమ్మతుల డేరాలో బల్ల మీద బండి పక్కకి ఒరిగించాం. పగులు గీకేసి, శుభ్రం చేసి, నేనే ముసుగు తీసుకున్నాను. షార్నీ కూడా తీసుకుంది. నాన్న ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"ఇది మందం పట్టీ. కుట్లు పనికిరావు. ఏకాండీగా లాగాలి, నా పద్ధతిలో వెయ్యాలి" అన్నాడు.

"నాకు రాదు. నువ్వు నేర్పలేదు" అన్నాను.

వెటకారానికే అన్నా, నిజమే అన్నాను. ఆయన నా వెనక్కొచ్చి నిలబడి, తోలు తొడుగున్న నా మణికట్టుని తన చేత్తో పట్టుకున్నాడు.

"ఇప్పుడు నేర్పుతా. ముసుగు దించు. మణికట్టు వదులు చెయ్యి. బిగుసుకోకు, నేనేం కొట్టను. ఎడం నుంచి రా. చంద్రవంక తిప్పు. తొందరపడకు, ఇనుము కరిగిందో లేదో చూసుకుని కదులు. నాకు కనబడట్లేదు, కరిగినప్పుడు నువ్వు చెప్పాలి."

కరిగినప్పుడల్లా చెప్పాను. ఫ్యాక్టరీలో నేను వేసిన గీతలన్నీ కలిపితే మా ఊరి నుంచి నగరం దాకా పోతాయి, అయినా ఆ జానెడు గీతని అప్రెంటిస్ పిల్లలా పిసరు పిసరుగా లాగాను. కొస దగ్గరికొచ్చేసరికి ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి, నా చేతిని పిసరంత వెనక్కి లాగి ఆపించాడు. చల్లారాక బొటనవేలితో తడిమాడు. బాగుందనలేదు. ఎడం పక్క పట్టీ కూడా తీసి కొత్తగా వెయ్యమన్నాడు, అదీ తన పనే కాబట్టి నమ్మకూడదన్నాడు.

డేరా గుమ్మంలో గొడుగు కనబడింది. ప్రిన్సిపాలమ్మ ఏదో అడగబోయింది. నాన్న అటు తిరక్కుండానే, నా మణికట్టు మళ్ళీ పట్టుకుంటూ నాతోనే అన్నాడు.

"వచ్చే ఏడు పిల్లలకి రెండూ చెప్పు. సన్న పైపుకి ఎరిక్‌ది. మందానికి ఇది. ఏది ఎవరిదో కూడా చెప్పు."

గొడుగు వెనక్కి వెళ్ళిపోయింది. ముసుగులోపల నా ముఖం ఎలా ఉందో ఎవరికీ కనబడలేదు, అదొక మేలు.

షార్నీ బల్లకి అవతల నిలబడి పట్టీ కదలకుండా పట్టుకుంది. దాని ముక్కు ఎర్రబడింది, పెదవి కిందకి వంగింది.

"నాకెప్పుడూ ఇలా చెయ్యి పట్టుకుని నేర్పలేదే, క్లారీ" అంది.

నాన్నకి వినబడలేదో, విననట్టు ఊరుకున్నాడో తెలియదు. నాకు మాత్రం వినబడింది. ఆ పిల్ల చూపు నాన్న చేతి మీద, ఆ చేతి కింద ఉన్న నా చేతి మీద అతుక్కుపోయింది. ఆ చూపు ఎంత మండుతుందో నాకు తెలుసు. జాలి పడాల్సింది, పడలేదు.

"పక్కకి జరుగు షార్నీ, వెలుతురుకి అడ్డంగా ఉన్నావు" అన్నాను.